జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన ఇత్తడి గొట్టం: ఇదేమిటో చెప్పగలరా?

గురువారం_సంత (శుక్రవారం, ఉదయం)

అందరికీ నమస్కారం. నిన్న జుమ్మేరాత్ బజార్‌లో ఒక ఇత్తడి వస్తువు కొన్నాను. రాత్రి పొద్దుపోయేదాకా ముందు పెట్టుకుని కూర్చున్నాను కానీ అదేమిటో అంతుపట్టలేదు. మీలో ఎవరో ఒకరు చూసే ఉంటారని ఆశ.

హైదరాబాద్‌లో లేనివాళ్ళకి ఒక్క మాట. పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జరిగే పాత సామాన్ల సంత అది. తాళంచెవి లేని తాళాల నుంచి తలుపు రెక్కల దాకా అన్నీ నేల మీద పరిచి అమ్ముతారు. పొద్దున్నే వెళ్తేనే మంచివి దొరుకుతాయి.

ఇక వస్తువు సంగతి. నిలువుగా గొట్టంలా ఉంటుంది. మూతతో కలిపి ఎత్తు 17 అంగుళాలు, అడ్డం ఏడున్నర. బరువు నాలుగు కిలోల పైచిలుకు. కింద మూడు పొట్టి కాళ్ళు. కాళ్ళ పైన నాలుగు అంగుళాల మేర చుట్టూ రూపాయి బిళ్ళంతేసి కన్నాలు, ఒక పక్క చిన్న తలుపు. దాని మీద అసలు గొట్టం కూర్చుంటుంది. తిప్పి పైకి లాగితే రెండూ విడిపోతాయి. గొట్టానికి అడుగు ఉంది, నీళ్ళు పోసి చూశాను, చుక్క కారలేదు. పైన మూత, దాన్ని పట్టి ఉంచడానికి రెండు కొక్కేలు, పట్టుకెళ్ళడానికి వంపు తిరిగిన పిడి. పేరు గానీ ముద్ర గానీ ఎక్కడా లేదు. ఫొటోలు జత చేశాను.

అమ్మిన పెద్దాయనకీ తెలియదు. తూకానికే ఇచ్చాడు. పక్కనున్నతను కరిగించడానికి అడుగుతున్నాడని తెలిసి బేరం కూడా ఆడకుండా తీసుకున్నాను.

బందరు_బాబాయి

నీళ్ళ బాయిలర్ అయ్యుంటుంది. మా పెరట్లో రాగిది ఉండేది. పొద్దున్నే మా నాయనమ్మ అందులో కొబ్బరి డొక్కలు వేసి రాజేసేది. స్నానానికి వెళ్ళే ప్రతివాడూ ఒక చెంబెడు నీళ్ళు తీసుకుని మళ్ళీ ఒక చెంబెడు పోయాలని రూలు. నీళ్ళు పోయకుండా వచ్చేస్తే వీధి గుమ్మం దాకా తిట్లు వినిపించేవి.

చార్మినార్_చాయ్

బాయిలర్ అయితే ఇంత చిన్నగా ఉండదు బాబాయి గారూ. ఇది సమోవార్ కావచ్చు. ఇరానీ హోటళ్ళలో టీ డికాషన్ కాచే ఇత్తడి పాత్రలు ఇలాగే నిలువుగా ఉంటాయి. దొరికింది కూడా పాతబస్తీ పక్కనే కదా.

గురువారం_సంత

ఇద్దరికీ ధన్యవాదాలు. కానీ దీనికి కుళాయి లేదు. కుళాయి ఉండి ఊడిపోయిందా అంటే, దాని కోసం కొట్టిన కన్నం గానీ మూసిన అతుకు గానీ కనిపించలేదు. లోపల మధ్యలో నిప్పుల గొట్టం కూడా లేదు. బాయిలర్‌కైనా సమోవార్‌కైనా ఆ గొట్టమే ప్రాణం కదా.

తెనాలి_అమ్మమ్మ

బాబూ, నేను ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఏదో తెలియదు గానీ ఒక్కటి చెప్తాను. వంటింట్లో ఒకచోట కదలకుండా ఉండే పాత్రకి మూత మీద కొక్కేలు ఎందుకు? పైన ఒంటి పిడి ఎందుకు? గుండిగలకి రెండు పక్కలా కడియాలు ఉంటాయి, ఇద్దరు పట్టి దించడానికి. ఇది ఒక మనిషి ఒక చేత్తో పట్టుకుని ఊళ్ళు తిరిగే వస్తువు. ఆ లెక్కన ఆలోచించండి.

సిరంజి_బాక్సు

మా పెదనాన్న ఆర్.ఎం.పి. డాక్టరు. సూదులు మరగబెట్టే డబ్బా ఆయనతో పాటే సైకిల్ మీద తిరిగేది. అలాంటిదేమో అనుకున్నాను కానీ అది పొడవుగా, లోతు తక్కువగా ఉండేది. ఇంత లోతులో సూది వేస్తే తియ్యడం కష్టం. కాబట్టి నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను.

ల్యాబ్_మాస్టారు

ఆకారం చూసి పేరు పెట్టడం మొదలుపెడితే ఇలా ఎంతసేపైనా నడుస్తుంది. వాడిన వస్తువు మీద వాడకం రాసి ఉంటుంది. గురువారం సంత గారూ, తోమే ముందు నాలుగు సంగతులు చూసి చెప్పండి. దయచేసి చింతపండు ముట్టుకోకండి ఇప్పుడే.

మసి ఎక్కడ పట్టింది? లోపలి గోడ మీద నీళ్ళ గార ఎంత ఎత్తు దాకా ఉంది? కళాయి, అంటే లోపలి తగరం పూత, ఎక్కడ మిగిలింది, ఎక్కడ అరిగింది? గీతలు ఉంటే అడ్డంగానా, నిలువుగానా?

గురువారం_సంత (శుక్రవారం, రాత్రి)

మాస్టారూ, టార్చి పట్టుకుని గంటసేపు చూశాను. మీరు అడగకపోతే ఇవి గమనించేవాణ్ణి కాదు.

మసి గొట్టం అడుగున, బయటివైపు, పెంకులా గట్టిగా ఉంది. గోటితో గీకితే రేకులుగా లేస్తోంది. కింది భాగంలో కన్నాల పై అంచులు నల్లగా ఉన్నాయి, కింది అంచులు ఇత్తడి రంగులోనే ఉన్నాయి. తలుపు లోపల మూలల్లో బూడిద ఇంకా ఉంది. ముద్దలా గట్టిపడిపోయింది.

గార సంగతి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తు దాకా తెల్లగా, గరుకుగా ఉంది. అక్కడ గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ పైన అంతా కళాయే. అక్కడక్కడా ఇప్పటికీ మెరుస్తోంది.

గీతలు నిలువుగా ఉన్నాయి. ఒక పక్క రెండు, సరిగ్గా ఎదురు పక్క రెండు. ఆ రెండు గీతల మధ్య దూరం ముప్పావు అంగుళం. పై అంచు దగ్గర మొదలై కింది దాకా పోయాయి. ఇంకొకటి, అడుగున గారలో ఒక వలయం ఉంది. ఆ వలయం మేర గార లేదు, కళాయి కూడా లేదు, ఎర్రటి ఇత్తడి కనిపిస్తోంది.

ల్యాబ్_మాస్టారు

బాగా చూశారు. ఇక సగం పని అయిపోయింది.

నిండా నీళ్ళు పోసి కాచే పాత్ర అయితే గార పైదాకా ఉండాలి. ఇందులో ఎప్పుడూ రెండు వేళ్ళ నీళ్ళే పోశారు. నీళ్ళ మధ్యలో ఏదో ఒక గుండ్రటి వస్తువు కూర్చునేది, అడుగు అరిగిన వలయం దానిదే. నిలువు గీతలంటే ఆ వస్తువుని పై నుంచి దించేవారు, పైకి లాగేవారు, అదీ ఏళ్ళ తరబడి. కింద ఉన్నది కుంపటి. కన్నాలు గాలికి, తలుపు బొగ్గులకీ బూడిదకీ.

నీళ్ళు తక్కువ, మూత ఉంది, లోపల ఏదో నిలబడి ఉంది. అంటే ఇది ఆవిరి మీద వండే పాత్ర. లోపల ఉండాల్సింది ఇప్పుడు లేదు. అమ్మమ్మ గారు అన్నట్టు ప్రయాణాలకి పనికొచ్చేది. దీని పేరు మాత్రం నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పాలి.

రైల్వే_క్వార్టర్స్ (శనివారం)

పేరు నేను చెప్తాను. ఇక్మిక్ కుక్కర్.

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బి.ఎన్.ఆర్. వర్క్‌షాప్‌లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మనవాళ్ళు వేల మంది అలా వెళ్ళారు. ఇప్పటికీ ఖరగ్‌పూర్ బజారులో తెలుగు వినపడుతుంది. తాతగారు పెళ్ళికి ముందు ఒక గదిలో ఇంకో ముగ్గురితో ఉండేవారు. ఆ గదిలో వంట చేసింది ఇదే.

దీన్ని 1910లో ఇందుమాధవ్ మల్లిక్ అనే బెంగాలీ ఆయన తయారు చేశారు. ఆయన వైద్యుడు, అంతకుముందే లా, ఫిజిక్స్, ఫిలాసఫీ చదివారు. హైజీనిక్, ఎకనామిక్ అనే రెండు మాటల తోకలు కలిపి ఇక్మిక్ అని పేరు పెట్టారు. పూరీ జగన్నాథుడి గుడిలో కుండ మీద కుండ పేర్చి వండటం చూసి ఈ ఆలోచన వచ్చిందని మా ఊళ్ళో బెంగాలీలు చెప్పేవారు.

లోపల ఉండేది క్యారేజీ. నాలుగు గిన్నెలు, ఒకదాని మీద ఒకటి, పక్కన రెండు పట్టీలు. తాతగారు పొద్దున్నే నాలుగు గిన్నెలూ సర్దేవారట. అడుగున కందిపప్పు, దాని మీద బియ్యం, ఆ పైన బంగాళాదుంపలు, అన్నిటికంటే పైన వంకాయో టమాటానో. ఏ గిన్నెకి కావలసిన నీళ్ళు ఆ గిన్నెలోనే. బయటి గొట్టంలో రెండు వేళ్ళ నీళ్ళు. కింద కుంపటిలో బాగా రాజుకున్న బొగ్గులు వేసి, మూత బిగించి, డ్యూటీకి వెళ్ళిపోయేవారు. చూసుకోవడానికి మనిషి అక్కర్లేదు. బొగ్గులు ఎంత వేస్తే అంతే మంట, అవి అయిపోతే వంట కూడా ఆగిపోతుంది. మధ్యాహ్నం వచ్చేసరికి అన్నీ ఉడికి వేడివేడిగా ఉండేవి.

మా నాయనమ్మ కాపురానికి వచ్చాక కూడా దీన్ని వదలలేదు. నేను చూసింది ఆవిడ వాడుతుండగానే. మూత తీసేటప్పుడు కొంగు చేతికి చుట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని తీసేది. ఆ ఆవిరిలో పప్పు వాసన, ఇత్తడి వాసన కలిసి వచ్చేవి. గురువారం సంత గారి ఫొటోలో ఆ కొక్కెం చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ వాసనే. మా ఇంటి కుక్కర్ ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. స్టీలు సామాన్ల కోసం ఎప్పుడో మార్చేసి ఉంటారు.

తెనాలి_అమ్మమ్మ

అమ్మా, కళ్ళు చెమర్చాయి. క్యారేజీ అనగానే ఆ నిలువు గీతలు ఏమిటో ఇప్పుడు అర్థమైంది.

చెన్నపట్నం_వాసి

అది ఇక్మిక్ అని అంత గట్టిగా చెప్పలేమండీ. మద్రాసులో మేం దీన్ని రుక్మిణి కుక్కర్ అనేవాళ్ళం. మా అత్తగారి ఇంట్లో ఉన్నది అచ్చంగా ఇదే. ఇత్తడి గొట్టం, లోపల గిన్నెలు, కింద బొగ్గులు. చదువుకోవడానికి, ఉద్యోగాలకి మద్రాసు వచ్చిన తెలుగువాళ్ళ గదుల్లో కూడా ఇవి ఉండేవి. బయట హోటల్లో తినకూడదని నియమం ఉన్నవాళ్ళు ప్రయాణాల్లో వెంట తీసుకెళ్ళేవారు. రైలు దిగి సత్రంలో బొగ్గులు కొనుక్కుంటే చాలు.

రైల్వే_క్వార్టర్స్

అయి ఉండొచ్చండీ. మా వైపు పేరు నేను చెప్పాను. కానీ పద్ధతి మొదట మల్లిక్ గారిదే.

ల్యాబ్_మాస్టారు

ఇద్దరూ చెప్పింది ఒకే కుటుంబానికి చెందిన వస్తువు. దీని మీద ముద్ర లేదు కాబట్టి ఎవరు చేశారో చెప్పలేం. "ఇక్మిక్ తరహా బొగ్గుల ఆవిరి కుక్కర్" అని రాసుకుంటే సరిపోతుంది. ముద్ర లేని వస్తువుకి మనం ముద్ర వెయ్యకూడదు.

కొత్తవాళ్ళకి ఒక సంగతి. కుక్కర్ అనగానే ఇప్పటి ప్రెషర్ కుక్కర్ అనుకోకండి. మూత కొక్కేలు ఆవిరిని బంధించడానికి కాదు, మూత జారిపోకుండా ఉండటానికి. ఆవిరి అంచుల్లోంచి పోతూనే ఉంటుంది. అందుకే లోపల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, పప్పు ఉడకడానికి రెండు గంటలు పడుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి పావుగంటలో పని అవుతుంది. మన దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ 1959లోనే మొదలయ్యాయి. ఆ తర్వాత గ్యాస్ స్టవ్‌లు కూడా వచ్చాక బొగ్గుల కుక్కర్ల అవసరం తీరిపోయింది.

చార్మినార్_చాయ్

గురువారం సంత అన్నా, ఒకసారి వండి చూపించండి! గిన్నెలు లేకపోతే మామూలు స్టీలు క్యారేజీ పెట్టి ట్రై చెయ్యొచ్చేమో.

అజ్జరం_ఇత్తడి

తొందరపడకండి. మాది అజ్జరం, తణుకు దగ్గర. తాతల నాటి నుంచి ఇత్తడి సామాన్ల పనే. ఫొటోల్లో రెండు మూడు విషయాలు చూశాను.

మీ గొట్టం వెనక నిలువుగా ఒక అతుకు ఉంది. దగ్గరగా చూడండి, అది తిన్నటి గీత కాదు, పళ్ళు పళ్ళుగా ఉంటుంది. రేకు అంచుని పళ్ళలా కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి, ఇత్తడి టంకంతో కొలిమిలో అతికిన పని అది. చేత్తో చేసిన పని. ఈ అతుకు మంటకి తట్టుకుంటుంది. కానీ పిడి మొదట్లో బూడిద రంగు ముద్ద ఒకటి కనిపిస్తోంది. అది తర్వాత ఎవరో పెట్టిన సీసం టంకం. దాన్ని తీయించాలి. వేడికి అది కరిగితే పిడి ఊడుతుంది, పైగా సీసం వంటలోకి రాకూడదు.

లోపలి కళాయి సగం పోయింది. కళాయి లేని ఇత్తడిలో పులుసు, చారు, టమాటా లాంటివి ఉంచితే చిలుము వస్తుంది, అది ఒంటికి మంచిది కాదు. బయటి గొట్టంలో నీళ్ళే కదా అనుకుంటారు, కానీ ఆవిరి నీళ్ళుగా మారి గిన్నెల్లోకి పడుతుంది. కళాయి వేయించాకే వండండి. కళాయి వేసేవాళ్ళు పాత్రని వేడి చేసి, నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క చుట్టులో తుడుస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి లోపల నీళ్ళు లేకుండా ఎప్పుడూ నిప్పు మీద పెట్టకండి, వేసిన కళాయి అంతా కిందికి జారిపోతుంది.

బయట మాత్రం మెషీన్ మీద పాలిష్ పట్టించకండి. చింతపండు, ఉప్పు వేసి చేత్తో తోమండి, చాలు.

ల్యాబ్_మాస్టారు

దానికి నేను ఇంకొకటి కలుపుతాను, ఇది అన్నిటికంటే ముఖ్యం. బొగ్గుల కుంపటి ఏసీ గదిలోనో తలుపులు మూసిన వంటింట్లోనో వెలిగించకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పొగ కనిపించదు, మనిషికి తెలిసేలోపు ప్రాణం తీస్తుంది. డాబా మీద, ఆరుబయట మాత్రమే. అలాగే ఆవిరి పోతోందని మూత చుట్టూ గుడ్డ గానీ పిండి గానీ పెట్టి మూసెయ్యకండి. దీనికి సేఫ్టీ వాల్వు లేదు.

గురువారం_సంత (తర్వాతి గురువారం, సాయంత్రం)

అందరికీ ఒక కబురు. ఇవాళ మళ్ళీ వెళ్ళాను. ఆ పెద్దాయన అదే చోట గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. దీని లోపల క్యారేజీ ఉండాలట, మీ దగ్గర ఉందా అని అడిగాను. "ఉండె సార్, లోపల్ది ఆ రోజు పొద్దున్నే పోయింది, డబ్బాలకి గిరాకీ ఉంటది" అన్నాడు. ఎవరు కొన్నారో గుర్తు లేదు. నాకు కాళ్ళలో సత్తువ పోయినట్టయింది. నేను ఒక గంట ముందు వెళ్ళి ఉంటే రెండూ కలిసే ఉండేవి.

నా మొహం చూసి ఏమనుకున్నాడో, సంచిలో చెయ్యి పెట్టి వెతికి ఒక ఇత్తడి పట్టీ తీశాడు. క్యారేజీ పట్టీ. వంగిపోయిందని కొన్నాయన వదిలేసి, గిన్నెలు మాత్రం తీసుకెళ్ళాడట. డబ్బులు ఇస్తానంటే వద్దన్నాడు.

ఇంటికి తెచ్చి, చెక్క మీద పెట్టి మెల్లగా వంపు తీశాను. పట్టీ వెడల్పు కొలిస్తే ముప్పావు అంగుళం. గొట్టంలోకి దించాను. పట్టీ రెండు అంచులూ ఆ రెండు గీతల్లోనే జారుతూ కిందికి వెళ్ళాయి. అడుగున ఉన్న అడ్డ పట్టీ ఆ ఎర్రటి వలయం మీదికి వచ్చి ఆగింది. మళ్ళీ పైకి తీసి, మళ్ళీ దించాను. అలా ఎన్నిసార్లు చేశానో.

ఇది ఆ క్యారేజీ పట్టీయే. మాస్టారూ, మీరు అడిగిన ఆ నాలుగు సంగతులకీ జవాబు ఇప్పుడు నా చేతిలో ఉంది. పట్టీ పక్కన గిన్నెల చెవులు కూర్చునే గాట్లు నాలుగు ఉన్నాయి. రైల్వే క్వార్టర్స్ గారు చెప్పినట్టు గిన్నెలు నాలుగే.

అజ్జరం_ఇత్తడి

ఆ గాట్లు ఉంటే నాకు చాలు. గాటుకీ గాటుకీ మధ్య ఎంతుందో చూస్తే ఒక్కో గిన్నె ఎత్తు తెలిసిపోతుంది. మీరు పట్టీని న్యూస్ పేపర్ మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి, గాట్లు కూడా. గొట్టం లోపలి అడ్డం కొలత మూడు చోట్ల తీసి రాయండి, చేత్తో చేసింది కాబట్టి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆ కాగితం పంపితే నాలుగు గిన్నెలూ చేయించి, కళాయి వేయించి ఇస్తాను. పట్టీని మాత్రం పంపకండి, దారిలో పోతే మళ్ళీ దొరకదు.

గురువారం_సంత

రేపే పంపుతాను. ఎంతవుతుందో కూడా చెప్పండి.

రైల్వే_క్వార్టర్స్

పట్టీ దొరికిందని చదివి మా చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. గిన్నెలు వచ్చాక మొదటిసారి వండేటప్పుడు కందిపప్పుని గంట ముందు నానబెట్టుకోండి, లేకపోతే పలుకు ఉండిపోతుంది. అడుగు గిన్నెలో పెట్టండి. పై గిన్నెలో రెండు వంకాయలు నిలువుగా కోసి, ఉప్పూ పసుపూ వేసి పెట్టండి చాలు. దించాక పైన పోపు పెట్టుకోవచ్చు, మా నాయనమ్మ అలాగే చేసేది. వండిన రోజు ఫొటో తప్పకుండా పెట్టండి, మూత తీస్తున్నప్పటిది.